ఏడో అధ్యాయంలో గ్రీజు

లిఫ్టు మెకానిక్ ఒకాయన నవల రాశాడు. ఇందులో నవ్వడానికేమీ లేదు. డాక్టర్లు రాస్తున్నారు, లాయర్లు రాస్తున్నారు, పదవీ విరమణ చేసిన ప్రతి పెద్దమనిషీ తన జీవితాన్ని మూడు సంపుటాలుగా రాసి బంధువుల మీదికి వదులుతున్నాడు. లిఫ్టు మెకానిక్ రాస్తే వచ్చిన లోటేమిటి? అయినా సర్వీసు సెంటర్లో తోటివాళ్ళు నవ్వారు. నవ్వి ఊరుకోకుండా రైటరు అని పేరు కూడా పెట్టారు. "రైటరు గారూ, ఆస్పత్రి లిఫ్టు తలుపు మూసుకోనని మొరాయిస్తోందట, వెళ్ళి నాలుగు డైలాగులు చెప్పి రండి" అని పంపించేవాళ్ళు. ఆయన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, నొచ్చుకున్నట్టు మొహం పెట్టి, లోలోపల మురిసిపోతూ వెళ్ళేవాడు. ఎగతాళికైతేనేం, లోకంలో ఆయన్ని రైటరు అని పిలిచింది వాళ్ళే మరి.

నవల పేరు 'తలుపులకు దూరంగా నిలబడండి'. ఒక మనిషి కింద లిఫ్టు ఎక్కుతాడు. లిఫ్టు మధ్యలో ఎక్కడా ఆగదు. ఎనిమిదో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి లోపల మనిషి ఉండడు, టోపీ ఉంటుంది. ఏమయ్యాడో పోలీసులకు అంతుపట్టదు, పత్రికలవాళ్ళకు అంతుపట్టదు. అంతుపట్టేది ఒక్క లిఫ్టు మెకానిక్‌కే. ఆ మెకానిక్ ఆజానుబాహువు, అందగాడు, తలనిండా జుట్టున్నవాడు. రాసినాయనకు ఈ మూడూ లేవు.

మొదట చదివింది భార్య. ఆవిడ రక్తపరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తుంది. పొద్దస్తమానం జనం చేతులకు సూదులు గుచ్చడం అలవాటై కాబోలు, నొప్పి కలిగించే మాట చెప్పాల్సివస్తే గబుక్కున గుచ్చేసి, వెంటనే దూది అద్దుతుంది.

"బాగుందండీ. టోపీ దగ్గర నిజంగానే భయం వేసింది. ఆ ఏడో అధ్యాయం ఒక్కటి తీసేయండి. మిగతాదంతా చాలా బాగుంది."

"ఏడో అధ్యాయానికి ఏమొచ్చింది?"

"అందులో ఏం జరుగుతుంది?"

"గ్రీజు పెడతాడు."

"తర్వాత?"

"తర్వాత ఇంకో రకం గ్రీజు పెడతాడు. పట్టాలకు పెట్టేది వేరు, బేరింగులకు పెట్టేది వేరు. ఎక్కడ పెట్టకూడదో కూడా రాశాను. తలుపు మూసుకుందో లేదో లిఫ్టుకి తెలిపే కాంటాక్టు ఉంటుంది, దానికి గ్రీజు అంటితే లిఫ్టు ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది. ఈ సంగతి తెలియకే సగం లిఫ్టులు నాశనమవుతున్నాయి."

"లిఫ్టు బాగుచేసుకుందామని ఎవరూ నవల కొనరు కదండీ."

ఆయన అలిగి భోజనం ముందు నుంచి లేచిపోయాడు. ఆకలేసి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఏడో అధ్యాయం మాత్రం ఉన్నచోటి నుంచి కదల్లేదు. నిజం చెప్పాలంటే, ఆయన మిగతా నవలంతా రాసింది ఆ అధ్యాయాన్ని ఎక్కడో ఒకచోట పెట్టుకోవడానికే.

రాయడం పూర్తయ్యాక తెలిసిందేమిటంటే, ఈ రోజుల్లో పుస్తకం చంకన పెట్టుకుని తిన్నగా ప్రచురణకర్త దగ్గరికి వెళ్తే లోపలికి రానివ్వరు. మధ్యలో లిటరరీ ఏజెంట్లని ఉంటారు. ముందు వాళ్ళకో ఉత్తరం రాసుకోవాలి. నేను ఫలానా, నా కథ ఫలానా, తమరు కాస్త దయతలచాలి అని ఒక్క పేజీలో. ఆ పేజీ నచ్చితే నవల మొత్తం పంపమంటారు. నవల కూడా నచ్చితే ప్రచురణకర్త దగ్గరికి వాళ్ళే తీసుకెళ్తారు. రెండొందల యాభై పేజీలు కులాసాగా రాసినాయనకు ఆ ఒక్క పేజీ రాసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

దొరికిన ప్రతి ఏజెంటుకీ పంపాడు. కొందరు ఉలకలేదు, పలకలేదు. కొందరు మర్యాదగా కాదన్నారు. ఒకాయనైతే "మీ కవితలు మనసును తాకాయి గానీ" అని మొదలుపెట్టాడు. ఆ ఒక్క వాక్యానికి మెకానిక్ వారం రోజులు కుమిలిపోయాడు.

ఇక మిగిలింది ఒకావిడ. ఆయన నెలకోసారి చూసే లిఫ్టుల్లో ఒకటి పాత ఆఫీసు భవనంలో ఉంది. ఐదంతస్తులు, ఒకటే లిఫ్టు. మూడో అంతస్తులో ఆ లిఫ్టుకి ఎదురుగానే ఒక గాజు తలుపు, దాని మీద బంగారు రంగు అక్షరాలతో 'లిటరరీ ఏజెంటు' అని ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ తలుపు ముందు చతికిలబడి బోల్టులు బిగించాడు గానీ, అదేదో బీమా వ్యవహారం అనుకున్నాడు. తెలిసిన రోజున తన నెత్తిన తనే మొట్టుకుని, ఆవిడకీ ఉత్తరం పోస్టు చేశాడు. అందులో 'వృత్తిరీత్యా లిఫ్టు మెకానిక్‌ని' అని రాశాడు తప్ప, 'మీ లిఫ్టు చూసేది నేనే' అని రాయలేదు. రాస్తే సిఫార్సు అడిగినట్టుంటుందని అభిమానం అడ్డొచ్చింది.

జవాబు వచ్చింది. "మీ ఉత్తరం ఆసక్తిగా ఉంది. నవల మొత్తం పంపండి. కంప్యూటర్లో చదవడం నాకు పడదు, కాగితాల మీద ప్రింటు తీయించి పంపండి. చదవడానికి సమయం పడుతుంది. దయచేసి మధ్యలో అడగవద్దు."

ఆ జవాబును ఆయన ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. మొదటి మూడు వాక్యాలకు గాల్లో తేలాడు, చివరి వాక్యానికి నేల మీద పడ్డాడు. ప్రింటు తీయించాడు. దారంతో కడితే అంచులు నలుగుతాయని, రక్తం తీసేటప్పుడు చేతికి కట్టే నీలం రబ్బరు పట్టీని భార్య ల్యాబు నుంచి తెచ్చి ఆ కట్టకు బిగించింది. "నరం దొరికేట్టు కట్టాను, ఇక మీ అదృష్టం" అంది.

అప్పటి నుంచి మొదలైంది అసలు వ్యాధి. ఫోను టింగుమంటే చాలు, మనిషి ఉలిక్కిపడేవాడు. లిఫ్టు గుంతలో ఉన్నా, పైకప్పు మీదున్నా, గ్రీజు చేతుల్తోనే ఫోను తీసి చూసేవాడు. చెప్పుల దుకాణంవాళ్ళు తగ్గింపు ధరల కబురు పంపితే వాళ్ళను నానా తిట్లూ తిట్టేవాడు. ఏజెంటు అడగవద్దంది కాబట్టి ఆవిడను తప్ప అందరినీ అడిగేవాడు. ముఖ్యంగా భార్యను.

"చదివి ఉంటుందంటావా?"

"నాకెలా తెలుస్తుందండీ?"

"నచ్చకపోతే ఈపాటికి తిప్పి పంపేసేది కదా?"

"మా ల్యాబుకి కూడా ఇలాంటివాళ్ళే వస్తారు. రిపోర్టు సాయంత్రం ఇస్తామంటే పొద్దున్నుంచి కౌంటరు ముందు నిలబడి నా మొహం చూస్తుంటారు. నా మొహంలో షుగరు కనిపిస్తుందా?"

అంతవరకైతే ఎవరైనా పడే అవస్థే. ఈయనకు మాత్రం ఒక సౌకర్యం ఉంది, అదే కొంపముంచింది. నెలకోసారి చూడాల్సిన ఆ లిఫ్టుని వారానికోసారి చూడటం మొదలుపెట్టాడు. మీటలు తుడిచాడు, అద్దం తుడిచాడు, తలుపులకు నూనె వేశాడు, కనబడిన ప్రతి కీలుకూ గ్రీజు పూశాడు. పనంతా మూడో అంతస్తులోనే. అక్కడ కూర్చుంటే గాజు తలుపులోంచి ఏజెంటు గారి బల్ల కనిపిస్తుంది. బల్ల మీద కాగితాల కట్టలు ఒకదాని మీద ఒకటి. వాటి అడుగున నీలం రబ్బరు పట్టీ. కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ ఎప్పుడూ ఫోన్లోనే ఉండేది. ఒక చెవికి ఒక ఫోను, మోగుతూ ఇంకో ఫోను. చదవడం మాత్రం ఏనాడూ కనబడలేదు.

ఇంటికొచ్చి భార్యకు నివేదిక ఇచ్చేవాడు. "ఇవాళ రెండో అంతస్తుకి వచ్చింది."

"ఏమిటి, లిఫ్టా?"

"నా నవల. కింద నుంచి రెండో కట్ట. పైన ఇంకా నాలుగున్నాయి."

మరో వారం మూడో అంతస్తు. ఇంకో వారం ఆవిడ ఎవరిదో లావుపాటి కట్ట తెచ్చి పైన పడేసింది, దాని మీద టీ కప్పు పెట్టింది. ఆ రాత్రి ఆయనకు ముద్ద దిగలేదు. ఆ భవనంలో వాళ్ళు మాత్రం, ఇంత శ్రద్ధగల మెకానిక్‌ని ఎక్కడా చూడలేదని కంపెనీకి మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. సూపర్‌వైజరు దాన్ని గోడకు అంటించాడు.

ఆ తర్వాత ఒక రోజు మధ్యాహ్నం సూపర్‌వైజరు ఫోన్ చేశాడు.

"ఏమయ్యా రైటరూ, నీ ముద్దుల లిఫ్టు ఆగిపోయింది. మూడుకీ నాలుగుకీ మధ్య. లోపల ఒకావిడ ఉందట, త్వరగా పో."

మెకానిక్ పరుగున వెళ్ళాడు. అవమానంగా ఉంది ఆయనకు. పసిపిల్లను సాకినట్టు సాకిన లిఫ్టు ఇలా నడిమధ్యలో పరువు తీస్తుందా! గుమ్మంలో వాచ్‌మన్ ఎదురొచ్చాడు. "మూడో అంతస్తు మేడమ్ గారండీ లోపల. పై అంతస్తులో ఏదో పనుందని ఎక్కారు."

ఇరుక్కున్నది ఏజెంటు గారేనని తెలిసి మెకానిక్ బెదిరిపోయాడు. మరుక్షణమే ఉత్సాహం కూడా వచ్చింది. ఇరుక్కున్న మనిషిని చిటికెలో బయటికి తీయడంలో ఆయన్ని మించినవాడు కంపెనీలో లేడు. తన పనితనం ఆవిడ కళ్ళారా చూస్తుంది. తనెవరో చెప్పకుండానే తిరిగి వచ్చేస్తాడు. ఎప్పుడో పుస్తకం అచ్చయ్యాక, ఆ రోజు మిమ్మల్ని కాపాడింది నేనేనండీ అని సిగ్గుపడుతూ చెబుతాడు. ఇలా ఊహించుకుంటూ మెట్లన్నీ ఎక్కి, పైకప్పు మీదున్న మోటారు గదిలో పడ్డాడు. మోటారు కరెంటు ఆపేశాడు. లోపలి లైటుకీ ఫ్యానుకీ కరెంటు వేరుగా ఉంటుంది కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. ఒక చేత్తో బ్రేకు పట్టుకుని, ఇంకో చేత్తో లిఫ్టు లోపలికి మాట్లాడే ఫోను ఎత్తాడు.

"మేడమ్, నేను లిఫ్టు మెకానిక్‌ని. కంగారుపడకండి. లైటు, ఫ్యాను ఉన్నాయా?"

"ఉన్నాయండీ. నాకేం కంగారు లేదు. కింద కూర్చుని చదువుకుంటున్నాను."

"మంచిది మేడమ్. ఇప్పుడే తీసేస్తాను. ఏం చదువుతున్నారేమిటి?" మాటవరసకు అడిగాడు.

"ఎవరో పంపిన నవల. ఎన్నాళ్ళనుంచో బల్ల మీద పడుంది. ఆఫీసులో ఫోన్ల గోలలో పేజీ తిప్పనివ్వరు కదా, ఇవాళ పొద్దున చచ్చీచెడీ నాలుగు అధ్యాయాలు అయ్యాయనిపించి, కట్ట చేతపట్టుకునే లిఫ్టెక్కాను. ఇక్కడైతే సిగ్నల్ కూడా లేదు, ప్రాణం హాయిగా ఉంది. విచిత్రం చూడండి, అది కూడా లిఫ్టుల గురించే."

మెకానిక్ బ్రేకు మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"ఎ... ఎలా ఉంది మేడమ్?"

"మీరు మీ పని చూడండి" అంది ఆవిడ.

ఇన్నేళ్ళ సర్వీసులో ఇరుక్కున్న మనిషిని అవసరానికి మించి లోపల ఉంచిన పాపాన ఆయన పోలేదు. అది ఆయన నియమం, గర్వం కూడా. కానీ ఇప్పుడు చక్రం తిప్పి ఆవిడను మూడో అంతస్తులో దింపితే ఏమవుతుంది? ఆవిడ గాజు తలుపు తోసుకుని లోపలికి వెళ్తుంది. రెండు ఫోన్లూ మోగుతాయి. నీలం పట్టీ మళ్ళీ కట్టల అడుగుకు పోతుంది. దాని మీద టీ కప్పు కూర్చుంటుంది. ఇక్కడైతే ఆవిడకు వేరే పనిలేదు. ఐదో అధ్యాయం చిన్నది, అదొక్కటి కానిద్దాం అనుకున్నాడు. ఆవిడ హాయిగా ఉందని ఆవిడే చెప్పింది కదా. మనిషి తప్పు చేయబోయేముందు ఎంత చక్కగా వాదిస్తాడో!

ఊరికే కూర్చుంటే బాగుండదని స్పానరుతో ఇనప బల్ల మీద ఠంగు ఠంగుమని కొట్టాడు, పనిచేస్తున్నట్టు వినబడాలని.

"ఏమండీ, ఆ చప్పుడు కాస్త ఆపుతారా? కీలకమైన చోట ఉన్నాను."

ఆపాడు. ఊపిరి కూడా ఆపినంత పని చేశాడు. ఫోను చెవికి అదిమి పెట్టుకుంటే పేజీ తిరిగిన చప్పుడు వినబడింది. మరో పేజీ. ఆ తర్వాత ఆవిడ ఫక్కున నవ్వింది. ఎక్కడ నవ్వింది? ఐదో అధ్యాయంలో నవ్వే చోటు లేదే! శవం దొరికేది అక్కడే!

జేబులో ఫోను మోగింది, సూపర్‌వైజరు. "తీశావా?"

"లేదు సార్. కొంచెం చిక్కుగా ఉంది."

"చిక్కేమిటయ్యా? నువ్వు టీ తాగుతూ తీసేవాడివి కదా."

"ఇది అలాంటి కేసు కాదు సార్. చాలా పెండింగ్ ఉంది" అని పెట్టేశాడు.

ఆరో అధ్యాయం నడిచింది. పేజీలు టకటకా తిరుగుతున్నాయి. మెకానిక్ ఖాళీ డబ్బా మీద కూర్చుని, ఆ చప్పుడు వింటూ, ఇంత సుఖం జన్మలో ఎరగనట్టు కళ్ళు మూసుకున్నాడు. తను రాసింది ఒక మనిషి చదువుతోంది. జాలిపడి కాదు, భార్య గనక కాదు. చదువుతోంది, అంతే. మధ్యలో అపరాధభావం ఒకటి లోపల కెలుకుతోంది, కెలికినప్పుడల్లా ఇంకో పేజీ తిరుగుతోంది.

తర్వాత పేజీ తిరగడం ఆగింది. చాలాసేపు ఆగింది. ఆవలింత వినబడింది.

"ఏమండీ! ఇంకా ఎంతసేపండీ? కాళ్ళు తిమ్మిరెక్కాయి. గాలి కూడా సరిగ్గా ఆడటంలేదు. అసలు ఏం జరుగుతోంది అక్కడ?"

"అయ్యో, ఎక్కడున్నారు మేడమ్?"

"మూడుకీ నాలుగుకీ మధ్య. మీరేగా చెప్పాల్సింది!"

"అది కాదు మేడమ్, ఏ అధ్యాయంలో?"



"ఏమన్నారూ?"

"అదే... ఏ... ఏ మూల కూర్చున్నారని."

"ఎడమ మూల."

"అక్కడే ఉండండి మేడమ్. మంచి మూల."

మెకానిక్ నాలిక కరుచుకున్నాడు. పెద్దావిడ, పాపం, కాళ్ళు తిమ్మిరెక్కాయంటోంది. ఇక చాలు, తీసేయాలి అని లేచాడు. బ్రేకు మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే పేజీలు మళ్ళీ తిరగడం మొదలైంది, ఇదివరకటికన్నా జోరుగా. ఆవిడ ఇంకేమీ అనలేదు. చెయ్యి దానంతటదే కిందికి జారింది. ఎనిమిదో అధ్యాయం మరి, టోపీ ఎవరిదో తెలిసేది అక్కడే.

భవనంలో వాళ్ళు మెట్ల మీద రొప్పుతూ తిట్టుకోవడం పైదాకా వినబడుతూనే ఉంది. ఆయన విననట్టే ఉన్నాడు. అంతలో ఆవిడ గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి అందులో విసుగు లేదు. చాలా నెమ్మదిగా, మెత్తగా ఉంది. భార్య సూది గుచ్చేముందు మాట్లాడే గొంతు కూడా అలాగే ఉంటుంది.

"మెకానిక్ గారూ, మీరొక సందేహం తీర్చాలి."

"చెప్పండి మేడమ్."

"ఇక్కడ తొమ్మిదో అధ్యాయంలో ఒక ముసలావిడ లిఫ్టులో ఇరుక్కుంటుంది. హీరో పైకి పరుగెత్తి కరెంటు ఆపుతాడు. బ్రేకు వదిలి, చక్రాన్ని చేత్తో తిప్పి లిఫ్టుని అంతస్తుకి తెస్తాడు. కిందికొచ్చి మూడు మూలల తాళంచెవితో తలుపు తీస్తాడు. ముసలావిడ చేతిలో ఐస్‌క్రీం ఉంటుంది. అది కరిగేలోపు అంతా అయిపోతుంది. ఇది నిజమేనా, రచయిత గొప్పలకు పోయి రాశాడా?"

మెకానిక్ చేతిలోని స్పానరు కింద పెట్టాడు.

"ఎందుకడుగుతున్నానంటే, నేను ఐస్‌క్రీంతో ఎక్కి ఉంటే ఈపాటికి అది ఆవిరైపోయేది. కాబట్టి ఈ పుస్తకమైనా అబద్ధం అయ్యుండాలి, లేదా మీరైనా. పుస్తకం అబద్ధమైతే చెప్పండి, ఇక్కడితో మూసేస్తాను. తన పని గురించే కోతలు కోసేవాడు హత్య గురించి నిజం రాస్తాడని నేను నమ్మను."

మెకానిక్ ఖాళీ డబ్బా మీద కూలబడ్డాడు. పుస్తకంలోది కల్పన అని ఒక్క మాట అంటే చాలు, ఉద్యోగం నిలబడుతుంది. గోడ మీద మెచ్చుకోలు ఉత్తరం నిలబడుతుంది. నవల చస్తుంది. నిజమని ఒప్పుకుంటే కావాలనే లోపల ఉంచానని ఒప్పుకున్నట్టే. ఆవిడ ఫిర్యాదు చేస్తుంది, సూపర్‌వైజరు ఉద్యోగం పీకేస్తాడు. అప్పుడు మాత్రం నవల బతుకుతుందని ఎవరు చెప్పారు? తనను నిర్బంధించినవాడి పుస్తకాన్ని ఏ ఏజెంటు నెత్తిన పెట్టుకుంటుంది? ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది. కానీ తొమ్మిదో అధ్యాయంలో అబద్ధం లేదు. దాన్ని ఆయన చేత్తో చక్రం తిప్పుతూ, కాగితం మీద గ్రీజు మరకలు పడుతుండగా, ఒక్కొక్క అడుగూ సరిచూసుకుని రాశాడు.

"నిజం మేడమ్" అన్నాడు. "అక్షరం అక్షరం నిజం. ఐస్‌క్రీం కరగడం కూడా ఎక్కువే. అంతసేపు పట్టదు."

"అలాగా! మరైతే నేనింకా ఇక్కడెందుకున్నాను?"

"బ్రేకు వదులుతున్నాను మేడమ్. కొంచెం కుదుపుంటుంది."

చక్రం తిప్పాడు. లిఫ్టు మూడో అంతస్తుకి వచ్చింది. బ్రేకు బిగించి, మెట్లు దిగి, తాళంచెవి పెట్టి తలుపు తీశాడు. తన రికార్డు తనే బద్దలుకొట్టాడు, ఏం లాభం!

ఆవిడ లిఫ్టులో ఎడమ మూల శాలువా పరుచుకుని, చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని కూర్చుంది. చదివేసిన కాగితాలు ఒక పక్క, చదవాల్సినవి ఒళ్ళో. నీలం రబ్బరు పట్టీ గాజులా చేతికి ఉంది. కళ్ళజోడు పైనుంచి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"వృత్తిరీత్యా లిఫ్టు మెకానిక్‌ని" అంది, ఉత్తరంలో ముక్క అప్పజెబుతున్నట్టు.

"నేనే మేడమ్."

"ఏ అధ్యాయంలో అని అడిగినప్పుడే అనుమానం వచ్చింది. లిఫ్టు కూడా మీరే ఆపారా?"

"ఒట్టు మేడమ్! ఆపలేదు. ఎందుకు ఆగిందో నాకే తెలియదు."

"నాకు తెలుసు" అంటూ ఆవిడ వేలితో తలుపు పైకి చూపించింది. అక్కడ తలుపు కాంటాక్టు మీద వారం వారం పూసిన గ్రీజంతా జారి, గడ్డకట్టి, నిగనిగలాడుతోంది. "ఏడో అధ్యాయంలో రాశారుగా, దానికి గ్రీజు అంటితే లిఫ్టు ఆగిపోతుందని."

మెకానిక్‌కి ఆ క్షణాన లిఫ్టు గుంతలో దూకుదామనిపించింది. తలవంచుకుని నిలబడ్డాడు. "తప్పయిపోయింది మేడమ్. మీరు చదువుతుంటే ఆపబుద్ధి కాలేదు. కంపెనీకి ఫిర్యాదు చేయండి. నంబరు ఈ పలక మీదే ఉంటుంది."

"చేస్తాను. ఆ సంగతి తర్వాత. ముందు ఇది వినండి. ఐదో అధ్యాయంలో మీ పోలీసు శవాన్ని చూసి 'ఇతను లిఫ్టు వాడకుండా ఉండాల్సింది' అంటాడు చూడండి, నవ్వొచ్చింది, దాన్ని అలాగే ఉంచండి. ఆరు బాగుంది. అసలు లిఫ్టులో ఇరుక్కున్నానన్న సంగతే మర్చిపోయాను. ఏడో అధ్యాయం రాగానే గుర్తొచ్చింది. కాళ్ళు తిమ్మిరి, ఉక్కపోత, అన్నీ ఒక్కసారే. ఎనిమిది మొదలుపెట్టగానే మళ్ళీ పోయాయి. కాబట్టి ఏడో అధ్యాయం తీసేయండి."

"మేడమ్, అందులో బేరింగుల గ్రీజు..."

"తీసేయండి."

"అలాగే మేడమ్" అన్నాడు మెకానిక్. ఆశ్చర్యమేమిటంటే, అన్నాక పెద్దగా నొప్పి తెలియలేదు.

ఎదురుగా గాజు తలుపు వెనక ఫోను మోగింది. దానికి తోడు రెండోది కూడా అందుకుంది. ఆవిడ అటు చూసింది. ఒళ్ళో ఉన్న కాగితాల వైపు చూసింది. మెకానిక్ పక్కకు తప్పుకుని, దిగడానికి దారిచ్చి, కట్టను ఆఫీసులోకి మోసుకెళ్దామని చేతులు చాచాడు. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఆవిడ చెయ్యి కట్టను వదల్లేదు. శాలువా సర్దుకుని, కాళ్ళు బారజాపుకుంది.

"తాగడానికి మంచినీళ్ళు తెచ్చిపెట్టండి" అంది. "ఆ తలుపు వేసేయండి. హంతకుడెవరో తెలిసేదాకా తీయకండి."

మెకానిక్ వాచ్‌మన్ దగ్గర సీసా తెచ్చిచ్చి, రెండు చేతులతో మెల్లగా తలుపు మూశాడు. బయట పనిముట్ల సంచీ మీద కూర్చున్నాడు. భార్యకు ఫోన్ చేసి, జరిగిందంతా గుసగుసగా చెప్పాడు.

"ఏడో అధ్యాయం తీసేయమందా?" భార్యకు మిగతాదేమీ వినబడినట్టులేదు. "నేనేం చెప్పాను మీకు? నేనేం చెప్పాను?"

"నువ్వు చెప్పినప్పుడు నొప్పేసింది" అన్నాడు ఆయన.

లోపల పేజీ తిరిగిన చప్పుడయింది. ఇంతలో సూపర్‌వైజరు ఫోను. మెట్లెక్కి మోకాళ్ళు పట్టేసినవాళ్ళెవరో ఫిర్యాదు చేసినట్టున్నారు, మనిషి నిప్పులు చెరుగుతున్నాడు.

"ఏమయ్యా, సాయంత్రం దాకా అక్కడే ఉంటావా? ఒక్క మనిషిని బయటికి తీయడానికి ఇంకా ఎంతసేపు పడుతుంది?"

మెకానిక్ తలుపు సందులోంచి లోపలికి తొంగిచూశాడు. ఆవిడ ఒళ్ళో మిగిలిన కాగితాల మందాన్ని కంటితోనే కొలిచాడు.

"ఇంకో నలభై పేజీలు సార్" అన్నాడు.